జోగి కొట్టిన కొబ్బరికాయ

మా తమ్ముడు జోగి ఈ దేశం పరువు తీశాడట. వాడు తుపాకీ పట్టుకోలేదు, ఎవరినీ మాట అనలేదు. ఒక కొబ్బరికాయ కొట్టాడు. అంతే. దానికి రంగూన్‌లో సగం మంది ఫోన్లలో వాడి మొహం చూసి తిట్టారు. ఇప్పుడు వాళ్ళందరూ ఆ సంగతి మరిచిపోయారు. నేను మరవలేదు, మరవదలుచుకోలేదు కూడా.

మేం రంగూన్ శివారు ఇన్సేన్ వాళ్ళం. ఆ పేరు వినగానే అందరూ జైలు గురించి అడుగుతారు. మాది జైలు వైపు కాదు, రైలు వర్క్‌షాపు వెనక వీధి. మా తాత శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి వచ్చి రేవులో బియ్యం బస్తాలు మోశాడు. మా నాన్న నరసయ్య వర్క్‌షాపులో ఫిట్టరు. మావాళ్ళు చాలామంది ఒకప్పుడు మూటాముల్లె సర్దుకుని తిరిగి వెళ్ళిపోయారు. నాన్న వెళ్ళలేదు. "అక్కడ నన్నెవడు గుర్తుపడతాడే" అనేవాడు. ఇక్కడ ఎవడు గుర్తుపట్టాడో ఆయనకే తెలియాలి.

జోగి కూడా నాన్నలాగే పగలు వర్క్‌షాపులో బోగీల కింద పాకుతూ, సాయంత్రం రామమందిరంలో డోలక్ ముందు కూర్చుంటూ పెద్దవాడయ్యాడు. డోలక్ నాన్నదే, నేర్పిందీ నాన్నే. నేర్పే ముందు ఒక్కటే షరతు పెట్టాడు. కాయ కొట్టందే తోలు మీద చెయ్యి వెయ్యకూడదు. భజనైనా, పెళ్ళైనా, ఎవరింట్లో పుట్టెంట్రుకలైనా సరే. ముందు కాయ కొట్టి, ఆ నీళ్ళు రెండు చుక్కలు డోలక్ అంచుకి రాసి, ఆ తరవాతే వాయించాలి. నాన్న పోయినా జోగి ఆ మాట తప్పలేదు. కాయ దొరకలేదని పెళ్ళివాళ్ళని వీధిలో నిలబెట్టిన ఘనుడు వాడు. ఆ రోజు నేనే తిట్టాను, "ఓరి సాదస్తపోడా, ముహూర్తం దాటిపోతంది" అని. తిడితే నవ్వాడు గానీ చెయ్యి మాత్రం వెయ్యలేదు.

వాడి పెళ్ళాం క్యా జా బర్మా పిల్ల. పొద్దున్నే బుద్ధుడికి అన్నం పెట్టి గానీ తను తినదు. ఇంట్లో మూల స్తంభానికి ఎర్రగుడ్డ చుట్టిన కొబ్బరికాయ ఒకటి కట్టి ఉంచుతుంది. అది ఇంటిని కాచే దేవుడికి. ఇక్కడ అలాంటి దేవుళ్ళని నాట్‌లంటారు. నాట్‌కి పెట్టిన కాయ తొడిమతో సహా నిండుగా ఉండాలి, చీలిక పడితే అరిష్టం. మాకేమో కాయ పగలకపోతే అసలు పూజే కాదు. అలా ఒకే కప్పు కింద పగలకూడని కాయ ఒకటి, పగలాల్సిన కాయ ఒకటి. పాతికేళ్ళ కాపురంలో జోగి ఒక్కనాడు కూడా ఒకదానికి బదులు ఇంకోటి కొట్టలేదు. ఇది గుర్తు పెట్టుకోండి. ఎందుకంటే తరవాత "కొరంగీవాడు, వాడికి మన పద్ధతులేం తెలుసు" అని రాశారు. తెలుగువాళ్ళని ఇక్కడ అలా పిలుస్తారు, మెచ్చుకుని మాత్రం కాదు.

ఇక టీవీ సంగతి. ఏటా ఆసియా దేశాల పాటల పోటీ జరుగుతుంది. ఒక్కో దేశం ఒక్కో పాటని పంపిస్తే అన్ని దేశాల టీవీల్లోనూ చూపిస్తారు. ఈసారి మా దేశం తరపున ఆయే ఆయే అనే పిల్ల పాడాలి. పాటలో దేశంలో ఉన్న అన్ని జాతుల వాయిద్యాలూ మోగాలని టీవీవాళ్ళకి బుద్ధి పుట్టింది. మిగతా రోజుల్లో కనబడని జాతులన్నీ పాట కోసం గుర్తొచ్చాయి. అమ్మవారి పండుగలో ఎవరో జోగి వాయించడం ఫోన్లో పట్టి వాళ్ళకి చూపించారు. పిలిచారు. వాడు స్టూడియో బయట రోడ్డు మీద కాయ కొట్టి, లోపలికి వెళ్ళి వాయించి వచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. పైగా వాళ్ళకి ఎంత నచ్చిందంటే, పాట మొదలే జోగి మోతతో పెట్టారు.

ఆ పోటీకి ఒక నిబంధన ఉంది. గొంతు మాత్రం వేదిక మీద నిజంగా పాడాలి. వాయిద్యాలు ముందే రికార్డు చేసినవి వేస్తారు. అయినా వాయిస్తున్నట్టు నిలబడడానికి మనుషులు కావాలి. "ఊలే, మీ మోతకి మీరే నిలబడాలి" అందట ఆయే ఆయే. ఊలే అంటే బాబాయి. పాస్‌పోర్టుకి రాశారు. పోటీ కౌలాలంపూర్‌లో.

జోగి రంగూన్ పక్కనున్న ట్వంటే కాలవైనా దాటి ఎరగని మనిషి. ఆ సంబరం చూడాలి. తెల్ల చొక్కా కుట్టించాడు, కొత్త లుంగీ కొన్నాడు. నా గారెల బండి దగ్గరికి వచ్చి, "అప్పా, అక్కడ కూకోబెట్టరట. నిలబడి, మెడకి తగిలించుకుని వాయించాలట" అని, ఖాళీ నూనె డబ్బా మెడకి తగిలించుకుని చూపించాడు. అప్ప అంటే మా వైపు అక్క. బజారంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆఖరున వాడన్న మాట మాత్రం నవ్వుతాలుకి అన్నది కాదు. "నాన్న డోలక్ అన్ని దేశాలూ సూస్తాయప్పా" అన్నాడు. యాభై దాటిన మనిషి. జీవితంలో వాడు కోరుకున్నది నాకు తెలిసి అదొక్కటే.

ప్రయాణానికి ముందు టీవీవాళ్ళ హాల్లో సాగనంపే సభ పెట్టారు. అది లైవులో వస్తుంది. బర్మా వాయిద్యగాళ్ళు వాయించే ముందు గురువులకీ నాట్‌లకీ మోకరిల్లి దండం పెడతారు. దాన్ని కడో అంటారు. మధ్యలో తొడిమ ఉన్న కొబ్బరికాయ, చుట్టూ అరటి అత్తాలు పెట్టి పళ్ళెం అమరుస్తారు. ఎంత బాగుంటుందో. నేను కాదనను. జోగి తన కాయ తను తీసుకెళ్ళాడు. బజారంతా వెతికి, ఆడించి చూసి, నీళ్ళున్నదాన్ని నేనే కొని గుడ్డసంచీలో పెట్టిచ్చాను. గేటు దగ్గర కాపలావాళ్ళు సంచీ తడిమారు. గుండ్రంగా, గట్టిగా ఏదో తగిలింది. ఎక్కడ ఏది పేలుతుందో తెలియని రోజులు, వాళ్ళు ఉలిక్కిపడడంలో తప్పు లేదు. తీసి చూసి, కొబ్బరికాయేనని తెలిశాక కూడా, లోపలికి వీల్లేదు, తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకో అన్నారు.

లోపల కడో అయింది. అందరూ మోకరిల్లారు, జోగి కూడా. అప్పుడు ఆ కార్యక్రమం నడిపించే ఆఫీసరమ్మ వచ్చి, "మీవాళ్ళ పద్ధతిలో కూడా ఒకసారి పూజ చెయ్యండి, కెమెరాకి బాగుంటుంది" అంది. "మా పద్ధతంటే కాయ కొట్టాలమ్మా" అన్నాడు వీడు. "అదే చెయ్యండి, తొందరగా, లైవులో ఉన్నాం" అని అటు తిరిగిపోయింది.

హాలు మొత్తానికి ఒకటే కాయ ఉంది.

తరవాత నేను జోగిని కూర్చోబెట్టి అడిగాను. "నీకు తెలవదేటిరా, అది కొట్టకూడని కాయని?"

"తెలుసప్పా. కానీ ఆవిడ కొట్టమంది. ఇంకో కాయ నేదు. అంత పెద్ద ఆఫీసరు, తెలిసే సెప్పిందనుకున్నాను. ఈ ఒక్కనాటికి మన పద్ధతి కూడా కలుపుకుంటన్నారని..." అని ఆగిపోయాడు. "నాకు శానా ఆనందమైపోయిందప్పా" అన్నాడు.

వాడి తప్పు అదే. కలుపుకుంటున్నారని అనుకున్నాడు. పళ్ళెంలోంచి కాయ తీసి, కళ్ళకద్దుకుని, వేదిక అంచుకేసి ఒక్క దెబ్బ కొట్టాడు. నీళ్ళు తివాచీ మీద పడ్డాయి. సభకి వచ్చిన ఆయే ఆయే వాళ్ళమ్మ కెవ్వుమంది. వాయిద్యగాళ్ళు లేచి నిలబడ్డారు. వీడు మాత్రం రెండు చిప్పలూ చేత పట్టుకుని, డోలక్ అంచుకి నీళ్ళు రాసి, కెమెరా వైపు చూసి నవ్వాడట. ఆ నవ్వే అందరి ఫోన్లలోకీ ఎక్కింది.

ఆ వీడియో ఎక్కడ మొదలవుతుందో తెలుసా? వాడు పళ్ళెంలో చెయ్యి పెట్టిన దగ్గర. ఆఫీసరమ్మ చెప్పిన ముక్క అందులో లేదు. ఎవరు కత్తిరించారో తెలియదు గానీ, అడిగితే ఆవిడ "నేనలా చెప్పలేదు" అంది. పక్కనే ఉండి విన్న ఆయే ఆయే తలొంచుకుంది. ఊలే, ఊలే అని తిరిగిన పిల్లకి ఆ ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదు. అంత పెద్ద గొంతు, దేశమంతా మెచ్చుకున్న గొంతు, ఏం చేసుకోవడానికి?

మర్నాడు నా బండి దగ్గర ఒక ఆసామి గారెలు తింటూ ఫోను చూసి, "ఈ కలాగాడు దేశానికి అరిష్టం తెచ్చాడు" అన్నాడు. కలా అంటే ఇండియావాడు. ఆ మాట ఎలా అంటారో మీరు వినాలి, ఉమ్ముతున్నట్టుంటుంది. నేను వాడి చేతిలో ఆకు లాక్కుని, మిగిలిన గారె కుక్కకి వేశాను. "నీ కడుపులో ఉన్నవి కూడా వాడి అప్ప వండినవే, ఎల్లి కక్కుకో" అని బర్మా భాషలో చెప్పాను. ఆ వారమంతా బేరాలు సరిగ్గా లేవు. పోతే పోనీ.

పరాయివాళ్ళ కోపం ఒక ఎత్తు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపు. మా తెలుగు సంఘానికి ప్రెసిడెంటు వాసుదేవరావు అని ఒకాయన ఉన్నాడు. రంగూన్ నడిబొడ్డున లమ్మడా బజారులో పప్పుల హోల్‌సేలు. ఇన్సేన్ వైపు పండుగలకే వచ్చే మనిషి, ఆ రోజు కారేసుకుని జోగి ఇంటి ముందు దిగాడు. ఏం జరిగిందని అడగలేదు. "పద, తప్పయిపోయిందని ఆ ఆఫీసరమ్మ కాళ్ళ మీద పడు. నేను మాట్లాడి ఒప్పించాను" అన్నాడు.

"నాను తప్పు సెయ్యలేదు బాబూ, ఆవిడే కొట్టమంది" అన్నాడు జోగి.

"ఎవలు సెప్పేరు, ఎవలు సేసేరు అనేది ఇక్కడ లెక్క కాదయ్యా. రేపు మన మందిరం మీద రాయి పడితే ఏటి సేస్తావు? మన కుర్రాళ్ళ గుర్తింపు కాయితాలు ఆపేస్తే ఏటి సేస్తావు? నీ ఒక్కడి కోసం అందరం మాట పడాలేటి?"

మందిరం పేరెత్తేసరికి జోగి చొక్కా వేసుకున్నాడు. నేనూ వెంట టీవీవాళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. ఆఫీసరమ్మ కుర్చీలో కూర్చుంది. జోగి నేల మీద మోకాళ్ళు వంచి, చేతులు జోడించి, నుదురు నేలకి ఆనించాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి. ఆవిడ ఫోను చూసుకుంటోంది. వాసుదేవరావు నిండు కొబ్బరికాయ ఉన్న కొత్త పళ్ళెం ఆవిడ ముందు పెట్టి, మావాళ్ళు అమాయకులు, చదువులేనివాళ్ళు అని చెప్తున్నాడు. నాకు ఆ కుర్చీ కాలు పట్టి లాగెయ్యాలనిపించింది. లాగలేదు. ఎందుకు లాగలేదా అని ఇప్పటికీ మండిపడుతుంటాను.

క్షమించామన్నారు. క్షమించి, ప్రయాణం మాత్రం మాన్పించారు. ఆరోగ్యం బాగోలేదని చెప్పమన్నారు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, మోత అంతా రికార్డయిపోయింది కదా, ఇక వీడెందుకు? వీడి బదులు నిలబడడానికి తెల్లటి కుర్రాణ్ణి ఒకణ్ణి చూసుకున్నారు.

బయటికొస్తుంటే గేటు దగ్గర కాపలావాడు గుర్తుపట్టి, మొన్న అట్టిపెట్టిన మా కాయ తెచ్చిచ్చాడు. జోగి దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాడు. ఇంటికి రాగానే డోలక్ గోడకి తగిలించి, కాయ దాని కింద పెట్టాడు. ఆ శనివారం మందిరానికి వెళ్ళలేదు. పై శనివారమూ వెళ్ళలేదు. తాళాలతోనే భజన నడిచింది, పప్పులో ఉప్పు మరిచినట్టు.

"ఎన్నాళ్ళురా?" అని అడిగాను.

"కాయ కొట్టినందుకు నేలకి తల ఆనించాను. మల్లీ కొడితే ఆ దండం అబద్దం. కొట్టకుండా వాయిస్తే నాన్న మాట అబద్దం. నన్నేటి సెయ్యమంతావప్పా?" అన్నాడు. వాడి చేతులు చూశాను. కూర్చున్నప్పుడల్లా మోకాలి మీద వేళ్ళు ఆడిస్తుండేవాడు, అదీ ఆగిపోయింది.

క్యా జా స్తంభం మీది కాయ దుమ్ము తుడుస్తూ, వచ్చీరాని తెలుగులో, "నాట్‌కి కోపం నేదప్పా. నాట్ ఎప్పుడు అడిగింది? కోపం కుర్చీకి" అంది. నాలుగు ముక్కల్లో చెప్పాల్సింది చెప్పేసింది పిల్ల.

పోటీ రోజు సాయంత్రం మందిరం హాల్లో జనరేటరు పెట్టి టీవీ చూపించారు. జోగి రానన్నాడు. నేను వెళ్ళాను, కోపం ఆరిపోకుండా చూసుకోవాలిగా. పాట మొదలైంది. మొదటి మోతకే పోల్చుకున్నాను, అది మా నాన్న మోత. తెర మీద ఆ తెల్లటి కుర్రాడు, మెళ్ళో ఏదో కొత్త డోలక్. వాడి చెయ్యి పైకి లేచినప్పుడు మోగుతోంది, కింద పడినప్పుడు ఆగుతోంది. ఆయే ఆయే బాగానే పాడింది, అబద్ధం చెప్పను. మూడో స్థానం వచ్చింది. మా దేశానికి ఎప్పుడూ రానంత పేరట. మోత అద్భుతం అని న్యాయనిర్ణేత ఒకాయన అంటే, కెమెరా ఆ కుర్రాడి మొహం చూపించింది. వాడు వంగి దండం పెట్టాడు. ఓడి ఉంటే కొబ్బరికాయ వల్ల. గెలిచారు కాబట్టి వాళ్ళ వల్ల. ఇదేం న్యాయమో నాకు ఎవరైనా చెప్పండి.

గెలుపు చూసి వాసుదేవరావు ఏడ్చాడు, ఆనందంతో. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. పెద్దమనిషి పై ఆదివారమే మందిరం హాల్లో సన్మానసభ పెట్టాడు. "మన తెలుగువాడి మోత" అని బర్మా భాషలో గుడ్డ మీద రాయించి కట్టాడు. వార్డు ఆఫీసరుని భార్యతో సహా పిలిచాడు. జోగి వచ్చి ఆ మోత వాళ్ళ ముందు వాయించాలని కబురు పెట్టాడు. జోగి రానంటే, క్యా జా డోలక్ గోడ మీంచి తీసి వాడి చేతికిచ్చింది. నేను దాని కింద కాయ తీసి నా సంచీలో పెట్టుకున్నాను. ఎందుకో అప్పటికి నాకే తెలియదు.

వేదిక మీద జోగికి శాలువా కప్పారు. డోలక్ వాడి ముందు పెట్టారు. పక్కనే పళ్ళెంలో తొడిమ ఉన్న నిండు కాయ, అరటి అత్తాలు, అచ్చం టీవీ హాల్లో పెట్టినట్టే. రాముడి గుళ్ళో. వాసుదేవరావు మైకులో, "కానియ్యి జోగీ" అన్నాడు.

జోగి చెయ్యి డోలక్ దాకా వెళ్ళి ఆగింది. "కాయ కొట్టలేదు బాబూ" అన్నాడు. మైకు దగ్గరగా ఉండడంతో హాలంతా వినబడింది.

వాసుదేవరావు మైకు మూసి, "ఆఫీసరు ముందు మల్లీ మొదలెట్టకు. ఈ ఒక్కసారికి కొట్టకుండా వాయించీ. ఏటవుతాది?" అన్నాడు.

ఏమవుతుందో నాకు తెలుసు. జోగి నెమ్మదస్తుడు. ఇంకోసారి అడిగితే వాయించేస్తాడు. వాయించాక ఇంటికి వెళ్ళి డోలక్ గోడకి తగిలిస్తాడు, ఇక జన్మలో తియ్యడు. వాడి చెయ్యి అప్పటికే తోలు మీదికి వంగుతోంది.

నేను లేచాను. మా ఇళ్ళలో ఆడవాళ్ళు కాయ కొట్టరు. మా అమ్మ కొట్టలేదు, మా నాయనమ్మ కొట్టలేదు. పీచు తీసి ఇవ్వడం వరకే మా పని. సంచీలోంచి గేటు దగ్గర ఆపేసిన ఆ కాయ తీసి, వేదిక మెట్టు దగ్గరికి వెళ్ళాను. అన్నాళ్ళు నిలవున్న కాయ. కుళ్ళి ఉంటే అందరి ముందు కుళ్ళు కాయ కొట్టిన ముండనవుతాను. అయితే అయ్యాను అనుకుని, ఆఫీసరమ్మని, ఆ కుర్చీని, ఫోనుని, నేలకి ఆనిన మా తమ్ముడి నుదుటిని తలుచుకుని ఒక్క దెబ్బ కొట్టాను. నీళ్ళు వాసుదేవరావు తెల్ల పంచె మీద పడ్డాయి.

కాయ రెండుగా విడింది. కుళ్ళలేదు. లోపల ముద్ద పువ్వు. నిలవున్న కాయలో పువ్వు పుడుతుంది, ఇందులో దేవుడి ప్రమేయమేమీ లేదు. కానీ మావాళ్ళకి కాయలో పువ్వొస్తే మహా శుభం. హాల్లో ఆడవాళ్ళు ఓలమ్మా అని చెంపలు వేసుకున్నారు. అంతవరకూ మొహం మాడ్చుకున్న వాసుదేవరావు వెంటనే మైకు అందుకుని, "అయ్యా, ఇది మా దగ్గర గొప్ప శకునమండీ" అని వార్డు ఆఫీసరుకి బర్మా భాషలో విప్పి చెప్పడం మొదలెట్టాడు. చెప్తూనే పువ్వు కోసం నా వైపు చెయ్యి చాచాడు, ఆఫీసరు చేతిలో పెట్టడానికి.

"ఇది నీది కాదు సావుకారూ" అన్నాను.

"మంగాయమ్మా, పెద్దలున్నారు. క్షమించమని అడుగు."

"అడగను. ఇంక మా ఇంట్లో ఎవలూ అడగరు."

పువ్వు తీసి జోగి నోట్లో కుక్కాను, చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు మందు కుక్కినట్టు. వాడు నమల్లేక, మింగలేక, కళ్ళల్లో నీళ్ళతో నా వైపు చూశాడు. చిప్పలో మిగిలిన నీళ్ళు నేనే డోలక్ అంచుకి రాశాను. "వాయించు" అన్నాను.

వాడు నోట్లో పువ్వుతోనే వాయించాడు. మూడో దెబ్బకి వార్డు ఆఫీసరు భార్య మొగుడి చెయ్యి పట్టుకుని, "టీవీలో మోత ఇతనిదేనా? మరి ఆ కుర్రాడెవరు?" అంది. పక్కనే కూర్చున్న క్యా జా ఆవిడకి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది, కత్తిరించేసిన ముక్కతో సహా.